నెమలిదిబ్బ మేలుకొలుపు

శ్రావణమాసం మొదటి మంగళవారం పొద్దున ఓబులేసు కొట్టు తలుపు తీసేసరికి మెంతుల బస్తాకు జుట్టు మొలిచి ఉంది.

అతను కళ్ళు నులుముకున్నాడు. జుట్టు పోలేదు. పక్కన ఆవాల డబ్బా మూత రెండంగుళాలు పైకి లేచింది, దాని కింద నుంచి తెల్లటి కాడలు తొంగిచూస్తున్నాయి. బొబ్బర్లు గోనెసంచి కుట్లు తెంపుకుని నేల మీదికి దిగాయి. ఉలవలు, పెసలు ఎవరి శక్తి కొద్దీ అవి లేచి నిలబడ్డాయి. కందిపప్పు, శనగపప్పు మాత్రం ఈ గొడవతో తమకేం సంబంధం లేనట్టు ఉన్నచోటే ఉన్నాయి.

"హైమా! ఒకసారి ఇట్ల రా. మన కొట్టుకు ఏమో అయింది."

ఓబులేసు భార్య డాక్టర్ హైమవతి మొక్కల శాస్త్రవేత్త. తాను వైద్యం చేసే డాక్టరు కాదని పదకొండేళ్ళుగా చెబుతున్నా, కొత్త గోనేపల్లె కాలనీలో సగంమంది ఆమె కనబడగానే నాలుక చాపి చూపిస్తూనే ఉంటారు. ఆమె నోట్లో బ్రష్షుతో వచ్చి, బస్తా ముందు గొంతుక్కూర్చుని, గుప్పెడు మెంతులు తీసి లెక్కపెట్టింది.

"నూటికి నూరు మొలిచాయండీ! ఒక్కటంటే ఒక్కటి తప్పిపోలేదు."

"సంతోషం. ఇప్పుడు వీటిని ఎవరికి అమ్మల్ల?"

ఆమె గోడకున్న మేకు వైపు చూస్తోంది. నిన్న సాయంత్రం దిబ్బ నుంచి వచ్చి తాను తగిలించిన ఓబులేసు పాత చొక్కా అక్కడే ఉంది. దాని కింద ఫ్యాను తెల్లవార్లూ తిరిగినట్టుంది, ఇంకా తిరుగుతోంది. హైమవతి గబగబా వెళ్ళి నోరు కడుక్కుని వచ్చింది.

"ఏమండీ, తప్పు నాదే. మందు ఈ చొక్కాకు అంటింది."

ఆ మందు సంగతి చెప్పాలంటే దిబ్బల సంగతి చెప్పాలి. ఎర్రమల జలాశయం కట్టినప్పుడు కొండలు మునిగి, వాటి కొప్పులు మాత్రం నీళ్ళపైన మిగిలాయి. అవే పందొమ్మిది దిబ్బలు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఒక్కో దిబ్బ రెండింతలవుతుంది, వరదొస్తే మళ్ళీ నెత్తి మాత్రం మిగులుతుంది. వాటిలో మూడెకరాల నెమలిదిబ్బ మీద మొదటి సర్వేలో నూట పన్నెండు రకాల మొక్కలున్నాయి. పోయినేడు హైమవతి లెక్కపెడితే అరవై ఒకటి తేలాయి. మిగిలినవి చచ్చిపోలేదని ఆమె వాదన. గింజలు మట్టిలో నిద్రపోతున్నాయి. ఒకదానికి పొగ వాసన తగలాలి, ఒకటి ఏదో జంతువు కడుపులో పడి బయటికి రావాలి, ఇంకొకటి నాలుగు ఎండాకాలాలు చూడందే కదలదు. హైమవతి కనిపెట్టిన మందు ఈ కబుర్లన్నీ గింజకు ఒకేసారి చెప్పేస్తుంది. పొగ వచ్చింది, కడుపు దాటావు, నాలుగేళ్ళు గడిచాయి, ఇక లే అంటుంది. గాలిలో తేమ కాస్త ఉంటే చాలు, గింజ నమ్మి లేస్తుంది. దానికి ఆమె పెట్టిన పేరు మేలుకొలుపు.

ఈ శ్రావణం అయ్యేలోగా ఏదైనా చూపించకపోతే ఆమె నడిపే పరిశోధనా కేంద్రానికి తాళం వేసి రమ్మని రాజధాని నుంచి డైరెక్టర్ శేషఫణి గారు చెప్పేశారు. అందుకని సోమవారం నాడు ఆమె మొగుడి పాత చొక్కా చీర మీద తొడుక్కుని, వీపుకు స్ప్రేయరు కట్టుకుని, నడిపెన్న పడవలో వెళ్ళి నెమలిదిబ్బనంతా తడిపి వచ్చింది. నడిపెన్న యాభై ఏళ్ళ మనిషి. దిబ్బల మధ్య పడవ నడిపేది అతనొక్కడే. ఆమె మందు కొడుతున్నంతసేపూ పడవలో కూర్చుని చూశాడు, తిరిగి వచ్చేటప్పుడు మెల్లిగా అడిగాడు.

"మేడమ్, నిన్న రెండు జామకాయలు తిన్యా. నాకేమన్నా అవుతాదా?"

"ఏమీ కాదు నడిపెన్నా."

"గింజలతో సహా తిన్యా మేడమ్."

వారం రోజులు అతను పడవెక్కే ముందు పొట్ట తడుముకున్నాడు.

కొట్టు మొలకెత్తిన కబురు గంటలో కాలనీ అంతా పాకింది. చక్కెర వ్యాధి వాళ్ళకు మొలకలు మంచివని ఎవరో అన్నారు. అంతే, కాలనీలో ఆ జబ్బు లేనివాళ్ళకు కూడా వచ్చేసింది. గిన్నెలు పట్టుకుని బారులు తీరారు. ఓబులేసు అందరికీ ఊరికే పెట్టాడు. మూడోనాడు వంటింట్లో పోపులపెట్టె తనంతట తానే తెరుచుకుంది. నాలుగోనాడు బూరుగుదూది దిండు మీద నుంచి ఓబులేసు లేచేసరికి చెవి వెనక రెండాకుల మొలక ఉంది. అతను దాన్ని తీసి భార్య చేతిలో పెట్టాడు.

"చూడు, ఇది గూడ లెక్కలో రాసుకో."

కోపం తెలియని మనిషి. పదకొండేళ్ళ కిందట ఈ కొట్టుకు పెసలు కొనడానికి వచ్చి, ఏ పెసలు ఎన్నాళ్ళు మొలుస్తాయో తనకంటే బాగా చెప్పిన కొట్టువాణ్ణి చూసి ఆశ్చర్యపోయింది హైమవతి. పెళ్ళి ఆ తర్వాత సంగతి. ఇప్పుడతను నవ్వుతూనే ఉన్నాడు గానీ కొట్టు వెనక గది తలుపు మాత్రం తీయడం లేదు. ఆ గదిలో ఏముందో ఆమెకూ తెలుసు. ఇద్దరూ దాని మాట ఎత్తలేదు.

దిబ్బ మీద మాత్రం పండగే. పదిహేనోనాటికి హైమవతి, నడిపెన్న పట్టుకున్న తాడు వెంట గజం గజం పాకుతూ లెక్కపెడితే నూట నలభై మూడు రకాలు తేలాయి. మొదటి సర్వేలో కూడా లేనివి ముప్పై ఒకటి. ఆమె పడవలోకి దిగి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. నడిపెన్న మర్యాదగా నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరుగుదారిలో ఒడ్డున సుంకులమ్మ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. పొలాలు జలాశయంలో మునిగాక మేకలు పెట్టుకుంది. ఎండాకాలమంతా వాటిని పడవలో దిబ్బ నుంచి దిబ్బకు తిప్పి మేపేది. మొక్కలు తగ్గడానికి ఆ అరవై నాలుగు మేకలే కారణమని హైమవతి అడవి శాఖకు రాసింది. ఈ ఏడు మేకలు దిబ్బలెక్కకూడదని ఆర్డరు వచ్చింది. అప్పటి నుంచి సుంకులమ్మ కొట్టుకు వస్తే గోడ వైపు తిరిగి ఓబులేసుతో మాట్లాడేది.

ఇవాళ మాత్రం హైమవతి చేతిలోని మొక్క చూసి ఆగలేకపోయింది.

"ఓయమ్మా! పాలబొడ్డాకు! మాయమ్మ పప్పులో ఏసేది. డ్యామ్ కట్టినంక నేను సూడనే లేదు."

"ఇది మీ మేకలు లేనందువల్లే వచ్చింది సుంకులమ్మా," అంది హైమవతి. అనకుండా ఉండాల్సింది. సుంకులమ్మ మళ్ళీ గోడ వైపు తిరిగింది. అక్కడ గోడ లేదు కాబట్టి ఊరి వైపు నడిచి వెళ్ళిపోయింది.

లెక్క పంపిన మర్నాడు సాయంత్రం శేషఫణి గారు ఫోను చేశారు. ఆయన గొంతులో తేనె కారుతోంది. "అమ్మా హైమవతీ, రెండు పేపర్లలో పడ్డాం. వచ్చే సోమవారం నేనే వస్తున్నాను. మిగతా పద్దెనిమిది దిబ్బలకూ కొట్టేద్దాం."

ఆమె ఫోను పెట్టి గంతులేసుకుంటూ కిందికి దిగేసరికి వెనక గది తలుపు తీసి ఉంది. లోపల తిమ్మప్ప నిలబడి ఉన్నాడు. నల్లరేగడి రైతు. వానలు వెనకపట్టాక వేసే శనగపైరు విత్తనాలను అతనూ, ఇంకో ఎనిమిదిమందీ ఏటా ఓబులేసు దగ్గరే దాచుకుంటారు. బూడిద, వేపాకు కలిపి ఓబులేసు దాచిన గింజ ఎప్పుడూ పుచ్చేది కాదు. ఇప్పుడూ పుచ్చలేదు. ప్రతి గింజకూ తోక వచ్చింది.

తిమ్మప్ప అరవలేదు. ఒక గింజను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"బాగనే మొలిచింది లేప్పా. కానీ విత్తేటందుకు నేలలో పదునేదీ? పదునొచ్చే దినానికి నా చేతిలో ఏముంటాది?"

"మామా, నేను యాడన్నా తెచ్చిస్తా," అన్నాడు ఓబులేసు తల వంచుకుని.

"తెస్తావులే. తెస్తావని నాకు తెలుసు. అయితే ఇంట్లో విత్తనముంటే రైతు నిద్రపోతాడు ఓబులేసూ. ఈ ఏడు పైరు పోయినా, మొలవకుండా మిగిలిన గింజే మల్లా బతికిస్తాది. అన్నీ ఒక్కసారే లేస్తే ఎట్ల?"

గడపలో నిలబడ్డ హైమవతికి ఆ మాట నెమలిదిబ్బ గురించి అన్నట్టే వినబడింది.

ఆమె మర్నాడే నెమలిదిబ్బ మట్టి ఆరు పళ్ళేల నిండా తెచ్చి, మొక్కలు ఏరి పారేసి, మందు చల్లి కిటికీలో పెట్టింది. పక్కన అంతకుముందు మందు తగలని కాకిదిబ్బ మట్టి ఒక పళ్ళెం, దానికీ చల్లింది. మూడు రోజుల్లో కాకిదిబ్బ పళ్ళెం పచ్చబడింది. నెమలిదిబ్బ పళ్ళేలు ఆరూ ఉత్త మట్టిగానే ఉన్నాయి. నిద్రపోయే గింజ అక్కడ ఒక్కటి కూడా మిగల్లేదు. ఎండకో, నిప్పుకో, వరదకో పైనున్నవి పోయినప్పుడు లేవడానికని దిబ్బ దాచుకున్నదంతా ఆమె ఒక్క సోమవారంలో లేపేసింది.

ఎగువన వానలు కుండపోతగా పడుతున్నాయి. పై డ్యాముల గేట్లు ఎత్తుతున్నారని రేడియోలో చెప్పారు. వినాయక చవితికల్లా ఎర్రమల నిండుతుంది. దిబ్బ మీద మొక్కలు చీలమండ ఎత్తు ఉన్నాయి. పూత రావడానికి తక్కువలో తక్కువ నెలన్నర పడుతుంది.

"మందు ఇంకా ఎంతుంది?" అని అడిగాడు ఓబులేసు అంతా విని.

"ఒక పీపా నిండుగా. మిగతా దిబ్బలన్నిటికీ సరిపోతుంది. పారబోయడానికి లేదు, ఏ నేల మీద పోస్తే ఆ నేల ఖాళీ. వేడి చేస్తే మాత్రం విరిగిపోతుంది."

"అంతే కదా," అని అతను పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే గుండిగలు రెండు దింపించి, కొట్టు వెనక గాడిపొయ్యి తవ్వాడు.

శేషఫణి గారు సోమవారం మూడు కార్లతో దిగేసరికి గుండిగలు తెర్లుతున్నాయి. ఉడుకుతున్న మేలుకొలుపుకు అచ్చం మునక్కాయ పులుసు వాసన ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కాలనీ జనం కంచాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. ఓబులేసు గరిటె పట్టుకుని "భోజనాలు లేవు నాయనా, మీకు దండం పెడ్తా, లేవండి" అని బతిమాలుతున్నాడు. ఎవరూ నమ్మడం లేదు.

"ఏమిటమ్మా ఇది, సన్మానమా?" అన్నారు శేషఫణి గారు చేతులు రుద్దుకుంటూ.

"కాదండి. మిగిలిన మందు ఉడికిస్తున్నాం."

ఆమె అంతా చెప్పింది. పళ్ళేలు చూపించింది. ఆయన వాటి వైపు చూడలేదు.

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకుంటాం. ఇవాళ నూట నలభై మూడు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయండి. పది రోజులుంటాయి."

"చాలు కదా! ఫొటోలకు ఒక్కరోజు చాలు. ఆపించు ముందు!"

"ఆపనండి," అంది హైమవతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను ఒక దిబ్బను ఖాళీ చేశాను. ఇంకో పద్దెనిమిదింటిని చెయ్యను."

ఆయన కేంద్రానికి తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకుని, భోజనం చేయకుండానే వెళ్ళిపోయారు. భోజనం లేదని కాలనీ వాళ్ళకు అప్పుడు నమ్మకం కుదిరింది.

వరద చవితికి ముందే వచ్చింది. నెమలిదిబ్బ నెత్తి మాత్రం మిగిలింది, అదీ పల్లేరు ముళ్ళతో. హైమవతి నాలుగు రోజులు ఒడ్డున కూర్చుని ఆ నీళ్ళ వైపే చూసింది. ఓబులేసు కొట్టు కట్టేసి వచ్చి పక్కన కూర్చునేవాడు. తిమ్మప్ప వాళ్ళ విత్తనం కోసం అతను పొద్దున్నే నాలుగూళ్ళు తిరిగి వచ్చేవాడు, ఆ అలసట గురించి ఒక్క మాట అనేవాడు కాదు. అదే ఆమెకు ఎక్కువ బాధ.

అయిదోనాడు ఆమె ఇంటికి అడ్డదారిన పోతూ సుంకులమ్మ మేకల దొడ్డి పక్కన ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఊడ్చి పోసిన పెంట అక్కడ చిన్న కొండలా ఉంది. దాని అంచున వానకు మొలిచిన మొక్కలున్నాయి. ఒకటి చూసింది. రెండోది చూసింది. మోకాళ్ళ మీద పడి చేతులతో తవ్వడం మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, నా పెంటలో ఏం పోగొట్టుకున్న్యావు?"

సుంకులమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. హైమవతి లేవలేదు.

"ఇవన్నీ నెమలిదిబ్బ మొక్కలు సుంకులమ్మా! మీ మేకలు తిన్న కాయల గింజలు. ఇక్కడ నిద్రపోతున్నాయి."

"అవును. ఒగ దిబ్బలో తింటాయి, ఇంగో దిబ్బలో ఏస్తాయి, మిగిలింది ఈడ ఏస్తాయి. నీకు తెల్దా?"

"తెలీదు," అంది హైమవతి. "తెలిసుంటే ఆ ఉత్తరం రాసేదాన్ని కాదు."

సుంకులమ్మ చీపురుతో దొడ్డి లోపలికి చూపించింది. గడ్డం ఉన్న పెద్ద పోతుమేక గోడకానుకుని నెమరేస్తోంది. దాని పేరు కరణం. మొలిచిన ప్రతిదాన్నీ ముందు తాను చూసి, తన వాటా తీసుకోనిదే మందను కదలనివ్వదని ఆ పేరు.

"నాకు గాదు, దానికి సెప్పు. ఏడంతా కట్టేసిన దొడ్లో నిలబడింది అది."

దేశంలో పేరున్న మొక్కల శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి మేక ఎదుట నిలబడి చేతులు జోడించింది. "తప్పయిపోయింది," అంది. కరణం ఆమె చంకలోని నోటుపుస్తకం అంచు కొరికి, నమిలి, మింగింది.

"సరే, ఒప్పుకున్న్యాది," అంది సుంకులమ్మ.

మాఘమాసంలో నీళ్ళు తీశాక పని మొదలైంది. మందు వల్ల దిబ్బ ఖాళీ అయిందని హైమవతి రాసిన నివేదిక నిజమేనని పై కమిటీ ఒప్పుకుంది. తాళంచెవి తపాలాలో తిరిగి వచ్చింది, లోపల ఒక్క ముక్క ఉత్తరం లేదు. దిబ్బల మీదికి మేకలు కావాలని హైమవతి అర్జీ పెడితే, అడిగిన పరికరం తయారీదారు ఎవరు, మరమ్మతు ఎవరు చేస్తారు అని ఆఫీసు నుంచి ప్రశ్నలొచ్చాయి. తయారీ స్థానికం, మరమ్మతు అవసరం లేదు, వాటంతట అవే పెరుగుతాయి అని రాసి పంపింది. మంజూరయింది.

నడిపెన్న పడవలో పెంట గంపలు, మేకలు, ఇద్దరు ఆడవాళ్ళు. మేకలు మరీ ఎక్కువ రోజులుంటే గడ్డి మోడవుతుంది, అసలు లేకపోతే ముళ్ళకంప ఒక్కటే దిబ్బనంతా ఆక్రమిస్తుంది. ఎన్ని రోజులు సరిపోతాయో తేల్చడానికి హైమవతి నెల రోజులు లెక్కలు వేసి, ఒక్కో దిబ్బకు ఎనిమిది రోజులని చెప్పింది.

"ఎనిమిదే," అంది సుంకులమ్మ. "కరణం దిబ్బ మొగం సూసి ఎనక్కి తిరిగేది ఎనిమిదోనాడే."

ఆ ఏడు శ్రావణానికి నెమలిదిబ్బ మీద నలభై నాలుగు రకాలు లేచాయి. మరుసటేడు యాభై రెండు. పాలబొడ్డాకు వాటిలో లేదు. హైమవతి కాకిదిబ్బ దాకా వెతికింది, పెంట కుప్పంతా జల్లెడ పట్టింది. లేదని సుంకులమ్మకు చెప్పలేక చెప్పింది. ఆమె సరేనంది. ఆ రోజు పడవ దిగేదాకా దిబ్బకు వీపు తిప్పి కూర్చుంది.

ఆ రెండో ఏడే, నీళ్ళు రావడానికి వారం ముందు, దిబ్బ తూర్పు వాలులో ఏ పుస్తకంలోనూ లేని మొక్క ఒకటి కనబడింది. ఊదారంగు కాడ, మీద పండిన కాయలు. దిబ్బ మొత్తానికి అదొక్కటే. సుంకులమ్మ కూడా పేరు చెప్పలేకపోయింది. హైమవతి కెమెరా తీసి, మూత విప్పి, మోకాళ్ళ మీద వంగింది. ఆమె భుజం పక్క నుంచి గడ్డం ఒకటి ముందుకొచ్చింది. కరణం ఆ మొక్కను కాయలతో, కాడతో, వేరులో సగంతో సహా తీసుకుంది.

హైమవతి పెట్టిన కేకకు కాకిదిబ్బ మీద కొంగలు లేచాయి. సుంకులమ్మ కర్ర ఎత్తింది. "కొట్టొద్దు!" అని హైమవతి అడ్డం వచ్చింది. ఊపిరి తీసుకుంది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"నడిపెన్నా, రేపు మేకలు ఏ దిబ్బకు?"

"కాకిదిబ్బకు మేడమ్."

"నేనూ వస్తున్నా."

మూడు రోజులు ఆమె గొడుగు వేసుకుని, ఎర్ర గుడ్డ కట్టిన పుల్లల కట్ట పట్టుకుని కరణం వెనకాలే నడిచింది. అది ఆగితే ఆగింది, కూర్చుంటే కూర్చుంది. అది తోక ఎత్తిన ప్రతిచోటా ఒక పుల్ల గుచ్చింది. మూడోనాడు మధ్యాహ్నం ఓబులేసు క్యారేజీ పట్టుకుని పడవలో వచ్చేసరికి కాకిదిబ్బ మీద పదిహేడు ఎర్రగుడ్డలు గాలికి ఆడుతున్నాయి. భార్య చెమటతో, మట్టితో, మేక వాసనతో రాతి మీద కూలబడి ఉంది.

అతను పెరుగన్నం తీసి ఆమె ముందు పెట్టాడు. ఎర్రగుడ్డల వైపు చూశాడు.

"మొలుస్తాయంటావా?"

"ఏమోనండీ, తెలీదు," అంది హైమవతి.

మొక్కల గురించి భార్య తనతో ఆ మాట అనడం ఓబులేసు పదమూడేళ్ళలో ఇదే మొదటిసారి వినడం. అతను క్యారేజీ రెండో గిన్నె మూత తీసి, ఆమెకు ఇంకొంచెం అన్నం వడ్డించాడు.